రొయ్యకు ల్యాబు, మనిషికి సున్నం

మెడ మీద పులిపిరి మొలిచిందంటే గోదావరి జిల్లాల్లో అది మీ సొంత వ్యవహారం కాదు, ఊరి ఉమ్మడి ఆస్తి. పొద్దున్నే టీ బడ్డీ దగ్గర చొక్కా కాలరు కాస్త పక్కకి జరిగితే చాలు, గ్లాసులో టీ సగమయ్యేలోపు నాలుగు రకాల వైద్యం ఉచితంగా అందుతుంది.

"గుర్రం తోక వెంట్రుక కట్టేయండి. వారంలో రాలిపోద్ది."

"ఇప్పుడు గుర్రాలెక్కడివండీ? అగరొత్తి అంటించి ఓసారి చురుక్కుమనిపించండి, సరిపోద్ది."

"అవన్నీ పాత పద్ధతులు బాబాయ్. సున్నం, చాకలి సోడా సమానంగా కలిపి అద్దెయ్. తెల్లారేసరికి ఉండదు."

"ఏది ఉండదండీ? పులిపిరా, మెడా?" అని ఎవరైనా అడిగితే వాడు వెటకారం చేస్తున్నాడంటారు. వెటకారానికి పుట్టినిల్లు కదా, ఆ మాత్రం గుర్తుపట్టరూ!

ఈ సలహాదారులకి వైద్యం రాదనుకుంటే పొరపాటు. ఒక్కొక్కరికీ కనీసం ఒక్క కేసు నయం చేసిన అనుభవం ఉంటుంది. ఆ రోగి ఎవరయ్యా అంటే తోడల్లుడి మేనమామ. ఆ మేనమామ ఇప్పుడెక్కడున్నాడో, ఆయన మెడ ఎలా ఉందో అడిగే అలవాటు మనకి లేదు. వెల్లుల్లి పెట్టినవారు, తెల్లజిల్లేడు పాలు రాసినవారు, టూత్‌పేస్టు పులిమినవారు, బాత్రూము యాసిడ్‌లో పుల్ల ముంచినవారు, అందరూ విజయవంతులే. ఓడిపోయినవాళ్లు మాత్రం ఎండాకాలంలో కూడా కాలరు గుండీ పెట్టుకుని తిరుగుతుంటారు. అడిగితే స్టైలంటారు.

ముందు సున్నం సోడా సంగతి చూద్దాం. గృహవైద్యంలో ఇదే రారాజు. తాంబూలంలో వేసుకునే సున్నమే కదా, బట్టలుతికే సోడాయే కదా, రెండూ ఇంట్లో పడుండేవే కదా అని ధైర్యం. విడివిడిగా ఉన్నప్పుడు అవి కొంత మర్యాదగానే ఉంటాయి. తడిపి కలిపారో, ఒక పక్క సుద్ద, రెండో పక్క సోడియం హైడ్రాక్సైడ్ తయారవుతాయి. బజారులో దాని పేరు కాస్టిక్ సోడా. వందేళ్ల చరిత్ర ఉన్న పేపరుమిల్లు రాజమండ్రిలోనే ఉంది కాబట్టి ఇది మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కాగితం మిల్లుల్లో సరుగుడు, సుబాబుల్ దుంగల్ని ముక్కలు కొట్టి, ఉడికించి గుజ్జు చేసేటప్పుడు ముఖ్యంగా పనిచేసేది ఈ కాస్టిక్ సోడాయే. వాడేసిన సోడాని మళ్లీ కాస్టిక్‌గా మార్చుకోవడానికి వాళ్లు కలిపేది కూడా సున్నమే. అంటే మన పిన్నిగారు పెరట్లో అరచేతిలో చేసే పనినే మిల్లులో పెద్ద పెద్ద ట్యాంకుల్లో చేస్తారు. తేడా ఒక్కటే. మిల్లులో ఆ పని చేసేవాడికి చేతులకి గ్లవుజులు, కళ్లకి అద్దాలు, పక్కనే నీళ్ల ఏర్పాటు ఉంటాయి. పెళ్లి కుదిరిన మేనకోడలి బుగ్గ మీద అదే పదార్థం పెట్టే పిన్నిగారికి అగ్గిపుల్ల ఒక్కటే పరికరం.

క్షారానికి మరో గొప్ప గుణం ఉంది. చాలా యాసిడ్లు చర్మాన్ని కాల్చి పొక్కు కట్టి, ఆ పొక్కు దగ్గరే కొంత నెమ్మదిస్తాయి. క్షారం అలా కాదు. కొవ్వుని సబ్బు చేస్తూ, మాంసకృత్తుల్ని కరిగిస్తూ లోపలికి దారి చేసుకుంటుంది. నొప్పి కూడా ఆలస్యంగా మొదలవుతుంది. "ఏం మంటగా లేదే" అని ఇంకాస్త పెట్టించుకున్నవాళ్లకి తెల్లారేసరికి పులిపిరి నిజంగానే ఉండదు. మాట తప్పే వైద్యం కాదది. పులిపిరి ఉన్నచోట గుంట ఉంటుంది, గుంట మానాక మచ్చ ఉంటుంది. కొందరికి మచ్చతో కూడా ఆగదు. మన ఒంటి రంగువాళ్లలో గాయం మానేటప్పుడు కండ మితిమీరి పెరిగే గుణం ఎక్కువ. ఛాతీ, భుజం, చెవితమ్మె దాని ఇష్టస్థలాలు. డాక్టర్లు కీలాయిడ్ అంటారు. మిరియపు గింజంత దాన్ని తీయబోయి చింతపిక్కంత దాన్ని తెచ్చుకోవడం! దానికోసం అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్తారు. వెళ్లి, "ఎలా వచ్చిందో తెలీదండి, దానంతటదే వచ్చింది" అంటారు. ఆయ్.

సున్నం వర్గానికి ప్రత్యర్థులు జీడి వర్గం. నల్లజీడి గింజ కాల్చి చుక్క పెట్టేవారు కొందరు, జీడిమామిడి పెంకులోని నూనె అద్దేవారు కొందరు. నల్లజీడి రసం పూర్వం రజకులు బట్టల మీద గుర్తు పెట్టుకునే సిరా. ఎన్ని ఉతుకులకీ పోదు. రెండో ప్రపంచయుద్ధంలో మన దేశానికొచ్చిన విదేశీ సైనికులకి బట్టల మీద ఆ గుర్తు ఒంటికి తగిలినచోటల్లా దద్దుర్లు, బొబ్బలు లేస్తే, వాళ్ల డాక్టర్లు దానికి ధోబీ పేరు కలిపి వైద్య పత్రికలకెక్కించారు. గుడ్డ మీద ఆరిపోయిన చుక్కకే అంత పరాక్రమం ఉంటే, నేరుగా కనురెప్ప పక్కన పెడితే ఎంతుండాలి? కోనసీమలో మోరి జీడిపప్పు పేరు వినని వాళ్లుండరు. ఆ గింజలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు ఎందుకు నల్లబడతాయో, పెంకు నూనె అంటకుండా వాళ్లెంత తంటాలు పడతారో అడిగి చూడండి. పొట్టకూటి కోసం వాళ్లు తప్పించుకోవాలనుకునే నూనెని మనం అందం కోసం కోరి పూసుకుంటున్నాం.

మరి ఇన్ని తరాలుగా ఈ వైద్యాలు బతికి ఎలా ఉన్నాయి? ఇక్కడే ఉంది కిటుకు. పులిపిరి చాలావరకు ఒక వైరస్ పని. హ్యూమన్ పాపిలోమా వైరస్ అనే కుటుంబంలో వంద రకాలకి పైగా ఉన్నాయి, వాటిలో కొన్ని చేతుల మీదా కాళ్ల మీదా ఇలా మొలిపిస్తాయి. ఒంట్లోని రోగనిరోధక శక్తికి అది ఎప్పటికో కంటపడుతుంది. పడ్డాక తరిమేస్తుంది. పిల్లల్లో దాదాపు సగం ఏడాదిలో, మూడింట రెండు వంతులు రెండేళ్లలో ఏ మందూ లేకుండానే పోతాయి. పోయే ముందు ఎవరు ఏం రాసి ఉంటే కీర్తి వాళ్లది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకి అప్పట్నుంచీ తాటిచెట్ల వైద్యుడు.

ఈ కాకులు మన చెట్ల మీదే లేవు లెండి. తమిళనాట వైదీశ్వరన్ కోయిల్ గుడిలో పులిపిర్లు పోవాలని ఉప్పూ మిరియాలూ సమర్పిస్తారు. మార్క్ ట్వేన్ 1876లో రాసిన టామ్ సాయర్ నవలలో పిల్లలు పులిపిర్లు పోగొట్టుకోవడానికి చచ్చిన పిల్లిని పట్టుకుని అర్ధరాత్రి శ్మశానానికి బయలుదేరతారు. 2002లో అమెరికాలో డక్ట్ టేపు అంటిస్తే పోతాయని ఒక పరిశోధన చెప్పింది. 2006లో నెదర్లాండ్స్‌లో పిల్లల మీద మళ్లీ పరీక్షిస్తే చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదు. ఉప్పు, పిల్లి, టేపు, వీటిలో దేనికీ బుగ్గ కాలదు. ఆ రకంగా మన సున్నం కన్నా చచ్చిన పిల్లే పెద్దమనిషి.

ఈ మాట అంటే వెంటనే ఒక అస్త్రం వస్తుంది. "మన పూర్వీకులు చేసిందే కదండీ! క్షారంతో కాల్చడం సుశ్రుతుడే చెప్పాడు." చెప్పాడు, కాదనను. పులిపిర్లకీ మచ్చలకీ కత్తి, క్షారం, నిప్పు మూడూ చెప్పాడు. క్షారాన్ని ఎలా వండాలో, ఎంత తీక్ష్ణంగా ఉండాలో, కాల్చిన తరవాత పుల్లటి ద్రవం పోసి దాన్ని ఎలా చల్లార్చాలో కూడా చెప్పాడు. అల్పబుద్ధి చేతిలో పడిన క్షారం విషంతో, నిప్పుతో, పిడుగుతో సమానమనీ హెచ్చరించాడు. మనవాళ్లు ఆయన పుస్తకంలో మందు పేజీ చించుకున్నారు, హెచ్చరిక పేజీ వదిలేశారు. అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. మనిషి ఒంటి మీద కత్తి పెట్టే ముందు శిష్యుడు సొరకాయ మీద, గుమ్మడికాయ మీద, దోసకాయ మీద కోతలు సాధన చేయాలన్నాడు సుశ్రుతుడు. మన గృహ శస్త్రవైద్యుడు సొరకాయని పులుసులోకి కోయమంటేనే వేలు తెగ్గోసుకుంటాడు. ఆ వేలికి కట్టు కట్టుకుని వచ్చి, బావమరిది వీపు మీద బ్లేడు పెడతాడు.

పుట్టుమచ్చల దగ్గరికొస్తే వైద్యంతో పాటు జ్యోతిషం కూడా వచ్చి కూర్చుంటుంది. పై పెదవి మీద ఉంటే ఒక ఫలం, వీపున ఉంటే ఇంకో ఫలం. అదృష్టం మచ్చ అయితే ఎంత పెరిగినా, ఎంత రంగు మారినా దాని జోలికి వెళ్లకూడదు. దురదృష్టం మచ్చ అయితే అమావాస్య లోపు తీసిపారేయాలి. శుభాశుభాలు చూసేశాం కాబట్టి ఇక చూడ్డానికేమీ మిగల్లేదు. అరికాల్లో మచ్చ ఉంటే దూరప్రయాణ యోగమట. గల్ఫ్ వీసా కోసం ఎదురుచూసే ఊళ్లలో అది ఎంత పెద్ద శుభవార్తో వేరే చెప్పాలా! కానీ డాక్టర్లు ఇంకో మాట చెబుతారు. మెలనోమా అనే చర్మ క్యాన్సరు మన దేశంలో అరుదు. అరుదుగా వచ్చినప్పుడు మన రంగువాళ్లలో అది తరచూ కనబడే చోట్లు అరికాలు, అరచెయ్యి, గోరు అడుగు. జమైకా పాటగాడు బాబ్ మార్లేకి కాలి బొటనవేలి గోరు కింద మచ్చ వస్తే మొదట ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. మెలనోమా అని 1977లో తేలింది. 1981లో 36 ఏళ్లకే పోయాడు. అరికాలి మచ్చకి దూరప్రయాణం అని శాస్త్రం చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. ఎంత దూరమో చెప్పలేదు.

పొలం గట్ల మీద, రొయ్యల చెరువు బురదలో ఉత్తకాళ్లతో తిరిగే జిల్లాలివి. అరికాల్లో నల్లమచ్చ అంటే తుమ్మముల్లు దిగిందనో, ఆనెకాయ అనో అనుకుంటాం. బ్లేడుతో చెక్కేస్తాం. మన ఒంటి మీద మచ్చల్ని ఒక బాధ్యత గల మనిషి శ్రద్ధగా వెతికి చూసిన సందర్భం ఒక్కటే, పదో తరగతి. సర్టిఫికెట్లో గుర్తింపు చిహ్నాలు రెండు రాయాలి కాబట్టి మాస్టారు చొక్కా చెయ్యి పైకి మడవమంటారు. "ఎ మోల్ ఆన్ ది లెఫ్ట్ హ్యాండ్" అని రాసుకుంటారు. ఆ తర్వాత నలభయ్యేళ్లు ఆ మచ్చ వైపు ఎవరూ చూడరు. అది రూపాయి బిళ్లంత అయిన రోజు దాన్ని యాసిడ్‌తో కాల్చేసి, ఆరోగ్యంతో పాటు గుర్తింపు కూడా పోగొట్టుకుంటాం.

పరీక్ష అంటే ఏమిటో తెలియక ఇలా చేస్తున్నామా అంటే, అదీ కాదు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఓసారి తిరిగి రండి. ఎక్కడ చూసినా ఆక్వా ల్యాబు బోర్డులే. 1990ల నడుమ తెల్లమచ్చ వైరస్ వచ్చి కోస్తాలో చెరువులకి చెరువుల్ని తుడిచిపెట్టాక మన రైతు జ్ఞాని అయ్యాడు. పీసీఆర్ పరీక్షలో నెగటివ్ రాకుండా రొయ్యపిల్లని చెరువులో వదలడానికి గుండె ఆడదు. నీళ్లలో ఉప్పెంత, పీహెచ్ ఎంత, అమ్మోనియా ఎంత అని సీసాలు పట్టుకుని ల్యాబుకి పరిగెడతాడు. చెక్ ట్రే పైకెత్తి మీసం దగ్గర్నుంచి తోక దాకా రొయ్యని తిప్పి తిప్పి చూస్తాడు. పెంకు మెత్తబడిందా, పేగు తెల్లబడిందా, రంగు మారిందా? రొయ్య మీద తెల్లమచ్చ కనబడితే బండి స్టార్టు చేసేవాడు, తన మెడ మీద నల్లమచ్చ కనబడితే మాత్రం సున్నం డబ్బా మూత తీస్తాడు. చెరువుకీ సున్నమే వేస్తాం కదా అంటారేమో. వేస్తారు. పీహెచ్ చూసి, ఎకరానికి ఎన్ని కిలోలో లెక్కకట్టి వేస్తారు. మెడకే ఏ లెక్కా లేదు.

రొయ్యేం ఖర్మ! వరిలో పాముపొడ కనబడితే ఆకు తెంపుకుని మారుటేరు పరిశోధన కేంద్రం వాళ్లనడుగుతాం. దేశమంతా పండిన స్వర్ణ వరిని ఇచ్చిన కేంద్రం కాబట్టి వాళ్ల మాటకి విలువ. కొబ్బరాకు మీద తెల్లదోమ వాలితే అంబాజీపేట పరిశోధన కేంద్రానికి వెళ్తాం. కడియం నర్సరీలో గులాబీ ఆకు మీద నల్లచుక్క పడితే మందు కొట్టే ముందు "ఇదేం తెగులండీ?" అని అడుగుతాం. ఇదేం తెగులు అనే ప్రశ్న ముందు, మందు తరవాత. ఈ వరస వ్యవసాయంలో మనకి పుట్టుకతో వచ్చింది. సొంత చర్మం మీదే దాన్ని తలకిందులు చేస్తాం. పైగా ఇది యల్లాప్రగడ సుబ్బారావు పుట్టిన నేల. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, అమెరికా వెళ్లినవాడు. ఆయన నడిపిన పరిశోధనశాల నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌ని ఈనాటికీ ప్రపంచమంతటా చర్మవైద్యులు సోరియాసిస్‌కి రాస్తున్నారు. లోకానికి చర్మం మందిచ్చిన ఊళ్లో మనం బుగ్గలకి టూత్‌పేస్టు రాసుకుంటున్నాం.

ఇంతకీ డాక్టరు చేసేదేమిటి? తీయడమే అనుకుంటాం. కాబట్టే "ఆ తీసేదేదో మనమే తీసుకుంటే పోలా" అనిపిస్తుంది. తీయడం అసలు పనే కాదు. మత్తు సూది వేసి కరెంటు కాటరీతో కాల్చడమో, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడమో నిమిషాల్లో అయిపోతుంది. అసలు పని అంతకు ముందు ఉంది. మనం పులిపిరి అనే ఒక్క మాట కింద అరడజను శాల్తీల్ని కాపురం పెట్టించేశాం. వైరస్ వల్ల గరుకుగా మొలిచేది ఒకటి, మెడ ముడతల్లో మెత్తగా వేలాడే స్కిన్ ట్యాగు ఇంకొకటి. వయసు మళ్లినవాళ్ల ముఖం మీద అతికించినట్టుండేది మూడోది. పిల్లల ఒంటి మీద ముత్యాల్లా వచ్చేది నాలుగోది. పుట్టుమచ్చ ఐదోది. ఆరోది అరుదు గానీ, అది క్యాన్సరు. ఇందులో అంటుకునేదేదో, అంటుకోనిదేదో, వదిలేయాల్సిందేదో, కోసి సీసాలో వేసి బయాప్సీకి పంపాల్సిందేదో చూసి చెప్పడమే ఆ చదువంతా. ఇంట్లో కాల్చేస్తే పరీక్షకి పంపడానికేమీ మిగలదు. నిందితుణ్ని చంపి, సాక్ష్యాన్ని తగలబెట్టి, ఊపిరి పీల్చుకున్నట్టు. లోపల వేరుంటే అది కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకండీ?" అనేవారున్నారు. వైరస్ పులిపిరిని గోటితో గిల్లండి. గోట్లో చేరి, ఆ గోరు గోకినచోటల్లా విత్తనం చల్లుతుంది. గడ్డం గీసుకునే బ్లేడు దాని మీదుగా పోతే దవడ మీద నారుమడి పోసినట్టే. గోటి దాకా ఉన్నదాన్ని గొడ్డలి దాకా తీసుకెళ్లింది ఆ గోరే.

మెడ మీది ట్యాగులకీ ఒక కథ ఉంది. అవి ఎక్కువగా రావడం, మెడ వెనక చర్మం నల్లగా మందంగా మారడం, చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. అంటే షుగరు గుమ్మం దాకా వచ్చిందని చర్మం ముందే కబురు పంపుతోంది. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు పక్కనే పెట్టుకున్న వాళ్లం, ఆ కబురు అందుకోవద్దూ? 2005లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటినవాళ్లని పరీక్షిస్తే నూటికి సుమారు 13 మందికి మధుమేహం ఉందని తేలింది. చర్మం డాక్టరు మెడ చూసి "ఓసారి షుగరు చూపించుకోండి" అంటాడు. దారం కట్టే బాబాయ్ అనడు. ఆయన కబురు తెచ్చినవాడి పీకకి ముడి వేస్తాడంతే.

ఇక షుగరున్నవాళ్ల కాళ్ల సంగతి నవ్వులాట కాదు. స్పర్శ తగ్గిన పాదం మీద ఆనెకాయని బ్లేడుతో చెక్కుతారు, లేదంటే మందులషాపులో యాసిడ్ ఉన్న ఆనె పట్టీ కొని అంటిస్తారు. షుగరున్నవాళ్లు డాక్టరుని అడక్కుండా వాడొద్దని దాని అట్ట మీదే ఉంటుంది, చీమతల అక్షరాల్లో. చర్మం కాలుతున్నా నొప్పి తెలీదు. పుండవుతుంది, చీము పడుతుంది, ఆఖరికి వేలు తీసేయాలంటారు. వెయ్యి రూపాయల ఫీజు మిగిల్చి కాలివేలు పోగొట్టుకున్న లెక్క ఏ పద్దులో రాయాలి?

ఈ తెలివితేటలకి బజారు కూడా తోడైంది. పల్లెలో సున్నమైతే, పట్నంలో ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పించే మచ్చలు కాల్చే పెన్ను. చివర నిప్పురవ్వ వస్తుంది, పక్కన తెల్లమ్మాయి నవ్వుతుంది. 2022 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మచ్చలు తీసే మందులు అమ్ముతున్న మూడు సంస్థలకి హెచ్చరిక లేఖలు రాసింది. అందులో అమెజాన్ కూడా ఉంది. మచ్చలూ ట్యాగులూ ఇంట్లో తీసుకోవడానికి తాము ఆమోదించిన మందు ఒక్కటి కూడా లేదని తేల్చి చెప్పింది. మనకది పట్టదు. మనం పెన్ను మాత్రమే దిగుమతి చేసుకుంటాం, లేఖ చేసుకోం. ఇక కనుబొమ్మలు దిద్దే బ్యూటీ పార్లరులో "మోల్ రిమూవల్" అని చిన్న బోర్డు, సూది వేసే ఆర్‌ఎంపీ గదిలో కొత్తగా ఒక కాటరీ యంత్రం. ఎద్దు పుండు కాకికి ముద్దు. ఎద్దు మాత్రం కాకికి ఫోన్‌పే చేస్తోంది.

డాక్టర్లని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. వాళ్లకీ బాకీ ఉంది. పులిపిరి చూపించుకుందామని మెరిసే అద్దాల క్లినిక్కు ఎక్కినవాడు బయటికొచ్చేటప్పుడు చేతిలో ఫైలు, ముఖానికి లేజరు కోర్సు, నెత్తికి జుట్టు ప్యాకేజీ, సంచీలో నాలుగు సబ్బులతో దిగుతాడు. పులిపిరి ఉన్నచోటే ఉంటుంది. దానికి ఇంకో అపాయింట్‌మెంటు. రోగి మెడ చూడకుండా మానిటరు చూస్తూ మందు రాసే మహానుభావుడికీ, టీ బడ్డీ బాబాయ్‌కీ తేడా డిగ్రీ ఒక్కటే. ఆ మాటకొస్తే బాబాయే నయం, కాలరు పక్కకి జరిపి మరీ చూశాడు.

సర్కారు వారూ తక్కువ తినలేదు. కాకినాడలో 1958 నుంచి రంగరాయ వైద్య కళాశాల ఉంది, రాజమండ్రిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. సంతోషం. కానీ లంక గ్రామంలో ఉండే కూలికి పడవ దాటి, బస్సెక్కి, ఓపీ చీటీ వరసలో నిలబడి తిరిగొచ్చేసరికి ఒక రోజు కూలి పోతుంది. వాడికి సున్నం డబ్బా దగ్గర, ఆసుపత్రి దూరం. మండలాల్లో అప్పుడప్పుడైనా ఒక చర్మవైద్యుణ్ని కూర్చోబెడితే ఆ డబ్బా మూత పడుతుంది. అయితే సున్నం అద్దేది వాడొక్కడే అయితే ఇంత వెటకారం అక్కర్లేదు. గుమ్మంలో కారున్నవాడూ అద్దుతున్నాడు. పంటినొప్పికి విజయవాడ, మోకాలికి హైదరాబాదు వెళ్లే ఆసామి, కనురెప్ప మీది కాయకి మాత్రం వంటింట్లోకి వెళ్తున్నాడు.

ప్రతి కాయకీ ఆసుపత్రికి పరిగెత్తమని కాదు. చాలావాటికి డాక్టరు చెప్పే వైద్యం "వదిలేయండి" అనే. మామూలు పులిపిరికి సాలిసిలిక్ యాసిడ్ మందు రాసి, ఇంట్లోనే ఎలా వాడాలో చెప్పి పంపేవాళ్లూ ఉన్నారు. అదీ ఇంటివైద్యమే, కాకపోతే చూసి చెప్పిన వైద్యం. ముఖ్యంగా ఈ మధ్యే పుట్టి త్వరగా పెరుగుతున్నది, అంచులు గజిబిజిగా ఉన్నది, ఒక్కదానిలోనే రెండు మూడు రంగులున్నది, 6 మిల్లీమీటర్లు దాటింది, తగలకుండానే రక్తం కారేది, మానినట్టే మాని మళ్లీ పుండయ్యేది, అరికాల్లోనో గోరు కిందో కొత్తగా నల్లబడింది, వీటి మీద మాత్రం బాబాయ్ చెయ్యి పడనివ్వకండి. పెదవి, కనురెప్ప, జననాంగాల దగ్గరైతే అసలే వద్దు.

అంతవరకూ వచ్చాక కూడా ఎవరో ఒకరు అంటారు: "ఊరికే చూసి, ఏం లేదని చెప్పినందుకు అయిదొందలు తీసుకున్నాడండీ!" ఏం లేదని చెప్పడానికే అయ్యా ఆ అయిదొందలు. ఏదో ఉందని మనం రాత్రంతా భయపడ్డాం, ఏం లేదని బాబాయ్ ఊహించాడు, డాక్టరు చూసి చెప్పాడు. మందు చెప్పేవాళ్లు ఊరంతా ఉన్నారు, ఉచితంగా చెబుతారు. జబ్బేమిటో చెప్పేవాడు ఒక్కడే. డబ్బు ఇవ్వాల్సింది ఆ ఒక్కడికే.